గుట్టని అడవి అనాలా, ఖరాబ్ అనాలా: నందికొండల వెనక ఒక ద్రాక్షతోట కేసు

పహణి, అంటే కర్ణాటకలో భూమి రికార్డు కాగితం, చేతికొస్తే అందరం పేరు చూస్తాం, విస్తీర్ణం చూస్తాం, మడిచి జేబులో పెట్టుకుంటాం. మూడో కాలమ్‌లో ఫూట్ ఖరాబ్ అ, ఫూట్ ఖరాబ్ బ అని రెండు లైన్లుంటాయి, సేద్యం లెక్కలోకి రాని నేల అన్నమాట, వాటి జోలికి ఎవ్వరూ పోరు. ఒక కంపెనీ గుట్ట చెక్కి ద్రాక్షతోట పెట్టబోతే ఊరోళ్ళు అడ్డుకున్న ఈ కేసు మొత్తం ఆ రెండు లైన్ల మధ్యనే నడిచింది, ఆ సంగతి నాకు ఎక్కడానికి మాత్రం ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలల్లో చేసిన తప్పులు కూడా దాచకుండా రాస్తున్నా, ఇట్లాంటి పని నెత్తికెత్తుకునేవాళ్ళకి అవే ఎక్కువ పనికొస్తాయి.

ఊరి పేరు రాయను, కంపెనీ పేరూ రాయను. ఊరోళ్ళు వద్దన్నారు, పైగా ఒక ముక్క ఇంకా తేలలేదు. నా సంగతి చెప్పాలంటే హిందూపురం నుంచి వచ్చి బెంగళూరులో సెటిలయిన మ్యాపుల మనిషిని, వారమంతా ఒక లాజిస్టిక్స్ ఆఫీసులో డెలివరీ రూట్లు గీస్తా, శని ఆదివారాలు ఎవరైనా పిలిస్తే భూమి మ్యాపులు చేసిస్తా. లాయర్ని కాను, అడవుల మీద పీహెచ్‌డీ చేసినవాణ్ణి అంతకంటే కాను.

2023 జూన్‌లో మా పిన్నమ్మ కొడుకు ఫోన్ చేసి "అన్నా, గుట్ట మీదికి జేసీబీ ఎక్కిందిరా" అన్నాడు. పిన్నమ్మని ఇచ్చిన ఊరు దొడ్డబళ్ళాపుర దాటినాక నందికొండల వెనకపక్క ఉంది, ఇళ్ళల్లో సగానికి సగం తెలుగు, బడిలో కన్నడ, సంతలో రెండూ కలిపి కొట్టేస్తారు. గుట్ట అంటే మరీ పెద్దదేం కాదు, ఏనుగు సైజు బండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి, బండల సందుల్లో సీతాఫలం, కలివి, పరికి, తంగేడు, అక్కడక్కడ మోదుగ, నడుమ నడుమ బోదగడ్డి. మనిషి ఎత్తుకు మించిన చెట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కిందకి దిగితే ఒక వంక, వంక పోయి చెరువులో పడుతుంది, చెరువు మరవ పారితే కింద ఊరి చెరువుకి పోతుంది. ఈ కొండల చుట్టుపక్కలే పెన్న, పాలారు, దక్షిణ పినాకిని, అర్కావతి, చిత్రావతి, పాపాగ్ని పుడతాయని చిన్నప్పుడు బడిలో చదివినాం కదా, చూస్తే మాత్రం నీటి చుక్క కనపడదు, బోర్లు వెయ్యి అడుగులు దాటినాయి.

కంపెనీ ప్లాన్ ఏంటంటే, గుట్ట కింద పట్టా భూములు ఒక్కొక్కటిగా కొన్నది. 2020లో కర్ణాటక భూసంస్కరణల చట్టంలో 79ఏ, 79బీ తీసేసినాక రైతు కుటుంబం కానోళ్ళు కూడా పొలం కొనొచ్చు కాబట్టి అందులో తప్పు పట్టేదానికి ఏం లేదు. కింద చదునులోనూ, పైన గుట్ట వాలుని మెట్లు మెట్లుగా చెక్కి వైన్ ద్రాక్ష పెడతాం, రాత్రి చల్లదనం బాగుంటుంది, పైన టేస్టింగ్ రూమ్, పది కాటేజీలు, ఊళ్ళో నలభై మందికి పని. పంచాయితీలో చూపించిన ప్రెజెంటేషన్ మొదటి స్లైడ్ మీద ఒక మాటుంది, 'మన నాపా' అని, నాపా అంటే అమెరికాలో వైన్‌కి పేరుపడిన లోయ. ఈ మాటే తర్వాత వాళ్ళ మెడకి చుట్టుకుంది, అక్కడికి వస్తా.

ఒకటి ముందే స్పష్టంగా చెప్పాలి. ఈ ఊరోళ్ళు ద్రాక్ష వ్యతిరేకులు కారు, వాళ్ళ బతుకే ద్రాక్ష. బెంగళూరు బ్లూకి 2013లో జీఐ ట్యాగ్ వచ్చింది, ఆ కాయ పండించేది బెంగళూరు, చిక్కబళ్ళాపుర, కోలారు చుట్టూ ఉన్న ఇట్లాంటి ఊర్లలోనే, రాతి కూసాలు నాటి తీగలాగి పందిరేసి ఏడాదికి రెండు కాపులు తీస్తారు. మొదటి మీటింగ్‌లో ఒక పెద్దాయన లేచి "ద్రాచ్చి పెట్టొద్దని ఎవరన్నారప్పా, మేము పెట్టుకోని తింటా లేదా, గుట్ట మీద ఏంటికి అంటాండాము" అన్నాడు. ఆ ఒక్క మాటలో కేసంతా ఉంది. ద్రాక్షతో బతికేవాడు గుట్ట మీద ద్రాక్ష వద్దంటున్నాడంటే బయటోళ్ళకి తెలియనిదేదో వాడికి తెలుసు. మందు కొట్టడం వాడికి తెలుసు, వాన పడితే బూజు తెగులు ముందు పరుగెత్తి మైలుతుత్తం సున్నం కలిపి కొట్టాలి, కొట్టిన మరుసటిరోజు వాన పడితే మళ్ళీ కొట్టాలి. చదునులో కొడితే ఆ మందు తన పొలంలోనే ఉంటుంది, గుట్ట మీద కొడితే వంకలోకి, వంకలోంచి చెరువులోకి. నాకైతే ఆ ముక్క వాళ్ళు చెప్పేదాకా తట్టలేదు.

మొదటి తప్పు: అడవి అని రాయడం

మొదటి అర్జీ బెంగళూరులో ఒక లాయర్ గారు రాసిచ్చినారు, మంచి కన్నడలో, 'దట్టమైన అరణ్యం నాశనం' అని. నేను దానికి గూగుల్ ఎర్త్ ఫోటో ఒకటి, ఉపగ్రహం నుంచి పచ్చదనం లెక్కగట్టే ఎన్‌డీవీఐ మ్యాప్ ఒకటి కలిపి, అవెన్యూ రోడ్డు దగ్గర షాపులో పెద్ద సైజు కలర్ ప్రింట్ తీయించి, ట్యూబులో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకోని పోయినా. తాలూకా ఆఫీసులో మీటింగ్. కంపెనీ కన్సల్టెంట్ లేచి ఏప్రిల్‌లో తీసిన డ్రోన్ వీడియో వేసినాడు. తెరంతా గోధుమ రంగు, బండలు, ఎండు గడ్డి, ఒక మేక. "సార్, దట్టమైన అరణ్యం ఎక్కడుందో చూపించండి" అన్నాడు, నవ్వకుండానే. దానికంటే సిగ్గు ఇంకోటుంది, నా ఎన్‌డీవీఐ మ్యాప్ కూడా ఏప్రిల్ నెలదే. మబ్బుల్లేని ఫోటో కావాలని ఎండాకాలంది ఎత్తుకున్నా, అలవాటుగా, ఆఫీసులో రోడ్లు గీసేటప్పుడు చేసినట్టే. దాంట్లో గుట్ట పసుపు, పక్కనున్న నీలగిరి తోపు మాత్రం ముదురు ఆకుపచ్చ. అంటే నా మ్యాప్ వాళ్ళ వాదనకే సాక్ష్యం చెప్పింది.

ఇంటికొచ్చి రెండు రోజులు ఎవరితో మాట్లాడలేదు. తర్వాత కూర్చొని సరిగ్గా చేసినా. సెంటినెల్-2 ఫోటోలు ఫ్రీ, పది మీటర్ల పిక్సెల్, ఐదు రోజులకొకసారి అదే చోటు మీదుగా పోతుంది. 2017 నుంచి దొరికిన మబ్బులేని ప్రతి ఫోటో తీసుకోని గుట్టకి, నీలగిరి తోపుకి, కింద పొలాలకి వేరు వేరుగా గ్రాఫ్ వేసినా. నీలగిరి లైను పన్నెండు నెలలూ దాదాపు చదునుగా పోతుంది. గుట్ట లైను మాత్రం ఫిబ్రవరి నుంచి పడిపోయి, ఏప్రిల్‌లో నేలకి ఆని, మే చివర నాలుగు వానలు పడంగానే లేస్తుంది, అక్టోబరు నవంబరుకి నీలగిరిని దాటేస్తుంది. ఏటా అంతే. ఆకు రాల్చే పొదలకి అది మామూలు సంగతి, గుట్ట ఎండిపోలేదు, నిద్రపోయింది అంతే. ఈ గ్రాఫ్ చూపించినప్పుడు గొర్లు కాసే ఒక అవ్వ గీత మీద వేలు పెట్టి "ఇదేగా నాయనా, సీతాఫలాలు వచ్చేది ఈడనే" అంది, వేలు పెట్టింది సరిగ్గా అక్టోబరు మీద. ఆమెకి గ్రాఫ్ చదవడం ఎవరూ నేర్పలేదు.

ఈ పని చేసే తమ్ముళ్ళకి ఒక్క మాట, పొద అడవి గురించి ఒక్క తేదీ ఫోటోతో మాట్లాడకండి, ఎదుటివాడు పడగొట్టేస్తాడు, పడగొట్టాలి కూడా.

కానీ గ్రాఫ్ బాగుందని కేసు గెలవదు. అడవి అనే మాటకి మన దగ్గర ఎన్ని అర్థాలున్నాయో అప్పుడే తెలిసొచ్చింది. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా లెక్కలో చెట్ల గొడుగు 10 శాతం దాటితేనే ఓపెన్ ఫారెస్ట్, 40 దాటితే ఒక మోస్తరు దట్టం, 70 దాటితే బాగా దట్టం, 10 కంటే తక్కువైతే స్క్రబ్, అంటే అడవి లెక్కలోకే రాదు. తమాషా ఏంటంటే అదే లెక్కలో హెక్టారు పైన ఉన్న మామిడి తోట, నీలగిరి తోపు ఫారెస్ట్ కవర్ కిందికి వస్తాయి, ఎవరి భూమి, ఏం చెట్టు అని అడగరు. నందికొండ బండల్లో బతికే పసుపు గొంతు పిగిలిపిట్ట దక్షిణ భారతంలో తప్ప ఇంకెక్కడా లేదు, ముప్పులో ఉన్న పిట్టల జాబితాలో ఉంది, దానికి కావాల్సింది సరిగ్గా ఈ బండలు ఈ పొదలే, మామిడి తోట చూపిస్తే అది రాదు. మా గుట్ట మీద కూడా రెండుసార్లు కనపడింది, ఫోటో మాత్రం దొరకలేదు, అందుకే ఏ కాగితంలోనూ పెట్టలేదు.

నాపా సంగతి

'మన నాపా' స్లైడ్ నా బుర్రలో తిరుగుతానే ఉంది. ఒక రాత్రి కూర్చొని అసలు కాలిఫోర్నియా నాపాలో ఇట్లాంటి గొడవలేమైనా జరిగినాయా అని వెతికితే, జరగడం కాదు, అక్కడ యాభై ఏళ్ళ నుంచి ఇదే గొడవ. 1968లోనే లోయలో పంట భూమి ప్లాట్లుగా మారకుండా అగ్రికల్చరల్ ప్రిజర్వ్ అని పెట్టుకున్నారు. దాంతో లోయ బతికింది, ద్రాక్షకి చోటు చాలక తోటలు కొండెక్కినాయి. కొండ మీద చెక్కిన తోటల మట్టి సెయింట్ హెలెనా ఊరికి తాగునీళ్ళిచ్చే బెల్ క్యానియన్ రిజర్వాయర్‌లోకి కొట్టుకొచ్చింది, దాని తర్వాతే 1991లో వాలు 5 శాతం దాటితే మట్టి కోత ఆపే ప్లాన్ ఇచ్చి కౌంటీ, అంటే మన జిల్లాలాంటిది, దాని దగ్గర అనుమతి తీసుకోవాలని రూలొచ్చింది. మా గుట్ట వాలు నేను కొలిస్తే చాలా చోట్ల ఇరవై పైనే.

వాల్ట్ రాంచ్ అని 2,300 ఎకరాల కొండ భూమి, ద్రాక్ష కోసం సుమారు 14,000 చెట్లు, ఎక్కువ ఓక్‌లే, కొట్టాలని ప్లాన్. పక్కనే సర్కిల్ ఓక్స్ అని కాలనీ ఉంది, వాళ్ళ భయమేంటంటే మా బోర్లు, మా రోడ్డు. చదువుతా ఉంటే నాకు మా పిన్నమ్మ ఊరే కనపడింది. కౌంటీ 2016లో ఒప్పుకుంది, కోర్టుకి పోతే 2019లో అప్పీల్ కోర్టు మిగతావన్నీ కొట్టేసి చెట్లు కొడితే గాల్లోకి పోయే కార్బన్ లెక్క దగ్గర మాత్రం పట్టుకుంది, ఆ ఒక్క దారం పట్టుకోని లాగినారు, చివరికి ఆ భూమిని ల్యాండ్ ట్రస్ట్ కొనేసింది. ఇంకో పక్క 2018లో మెజర్ సీ అని కొండల్లో ఓక్ అడవి కొట్టడానికి పరిమితి పెట్టే రూలుని ఓటుకి పెడితే 641 ఓట్ల తేడాతో ఓడిపోయింది. ఆ రూలు రాయడంలో మొదట కలిసొచ్చిన వైన్ తయారీదార్ల సంఘమే తర్వాత వెనక్కి తగ్గి వ్యతిరేకించింది. పక్క కౌంటీ సోనోమాలో అన్నాపోలిస్ దగ్గర దాదాపు 20,000 ఎకరాల రెడ్‌వుడ్ అడవిలో సుమారు 1,800 ఎకరాలు ద్రాక్షతోట చేయాలని పెన్షన్ ఫండ్ డబ్బుతో ఒక ప్లాన్ నడిచి, 2013లో కన్జర్వేషన్ ఫండ్ 24.5 మిలియన్ డాలర్లకి కొని ఆపింది.

వీటిలో నాకు పనికొచ్చింది గెలుపోటములు కాదు. అంత డబ్బు పెట్టి కొండ కొనేవాళ్ళు మనకి ఎక్కడ దొరుకుతారు. పనికొచ్చింది ఏంటంటే, అక్కడ కూడా చెట్టుకి ఏ పేరు పెడతారన్న దాన్ని బట్టి దారి మారుతుంది. రెడ్‌వుడ్ కలప చెట్టు కాబట్టి అడవిని పొలం చేయాలంటే రాష్ట్ర అటవీ శాఖ కాల్ ఫైర్ నుంచి కన్వర్షన్ పర్మిట్ కావాలి, ఓక్ కలప లెక్కలోకి రాదు కాబట్టి నాపాలో గొడవంతా కౌంటీ మట్టి కోత ప్లాన్ చుట్టూ తిరిగింది. మరి మనకి ఏ తలుపుంది? ఏ ప్రాజెక్టుకి పర్యావరణ అనుమతి కావాలో చెప్పే ఈఐఏ నోటిఫికేషన్ 2006 తిరగేస్తే తోట పెట్టుకోవడం ఆ షెడ్యూల్‌లోనే లేదు, కాటేజీలు కూడా 20,000 చదరపు మీటర్ల కట్టడం లోపే, అంటే పబ్లిక్ హియరింగ్ అని ఊరోళ్ళు అడగడానికి చట్టంలో చోటే లేదు. అప్పటిదాకా మేము ప్రతి అర్జీలో అదే అడుగుతా ఉన్నాం.

తర్వాతి గ్రామసభలో ఇదంతా తెలుగులో చెప్పినా, బెల్ క్యానియన్ దగ్గరికి రాంగానే అదే అవ్వ "ఆడ కూడా చెరువులోకి మన్ను పడిందా?" అని అడిగింది. పడింది అవ్వా అన్నా. "మరి మనకి నాపా చేస్తామంటే ఆ మన్ను కూడా తెస్తారా ఏంది" అంది, కంపెనీ మనిషి వైపు చూసి. సభ ఘొల్లుమంది. ఆ రోజు నుంచి స్లైడ్‌లో నాపా పేరు తీసేసినారు.

ఖరాబ్ కాలమ్

తలుపు దొరికింది మాత్రం వేరే చోట. దొరికిన రోజు నేను దాని కోసం వెతకట్లేదు, కర్ణాటక సర్కారు దిశాంక్ యాప్‌లో సర్వే నంబర్ల హద్దులు, నా ఫోన్ జీపీఎస్ ఎంత తేడాగా చూపిస్తున్నాయో చూడ్డానికి గుట్ట వాలు మీద తిరుగుతున్నా. చూస్తే వాలులో కింది సగం కంపెనీ కొన్న సర్వే నంబర్ల లోపలే ఉంది. పై సగం గోమాళ, అంటే పశువుల మేత కోసం పెట్టిన సర్కారు భూమి. అంటే వాళ్ళు చెప్పేది అబద్ధం కాదు, కింది వాలు వాళ్ళ నంబర్లోదే. మరి పట్టాలో వాళ్ళకి ఎంత వచ్చింది? పహణి తీసి చూస్తే ఒక నంబరు మొత్తం 19 ఎకరాల 20 గుంటలు, ఖరాబ్ 6 ఎకరాల 10 గుంటలు, మిగిలింది 13 ఎకరాల 10 గుంటలు. ఖరాబ్ మొత్తం అ లైన్లో ఉంది. అ ఖరాబ్ అంటే సేద్యానికి పనికిరాని బండ నేల, పన్నుండదు కానీ హక్కు పట్టాదారుకి దగ్గరగానే ఉంటుంది. బ ఖరాబ్ అంటే వంక, దారి, చెరువు, పదిమందీ వాడుకునేది, అది సర్కారుది. భూమి రెవెన్యూ రూల్స్ 1966లో ఈ తేడా రాసుంది.

బండలు ఓకే, మరి వంక ఏమైంది? ఆ నంబరు నడుమ నుంచి నీళ్ళు పారే వంకని నేను ఇప్పుడే దాటొచ్చినా, చెప్పుల్లో ఇసుక ఇంకా ఉంది. వంక ఉన్న నంబర్లో బ ఖరాబ్ సున్నా ఎట్లా ఉంటుంది?

అక్కడి నుంచి టిప్పణి (సర్వేయరు గీసిన కొలతల బొమ్మ), ఆకార్‌బంద్ (విస్తీర్ణాల రిజిస్టరు), చేతిరాత పహణి నకళ్ళ కోసం తిరుగుడు. దీని గురించి ఎక్కువ రాయను, తిరిగినోళ్ళకి తెలుసు, తిరగనోళ్ళకి చెప్పినా నమ్మరు. మా తమ్ముడు ద్రాక్ష కోత పనులు మానుకోని పదకొండు సార్లు పోయినాడు, నేను ఐదు సార్లు లీవు పెట్టినా. చివరికి పాత చేతిరాత పహణి నకలు వచ్చింది, అందులో ఖరాబ్ రెండుగా విడగొట్టి ఉంది, బ కింద 2 ఎకరాల 4 గుంటలు, పక్కన సన్నటి అక్షరాలతో 'హళ్ళ', అంటే వంక. టిప్పణి బొమ్మలో వంక గీత కూడా ఉంది, వంకర పోయి, ఎవరో సర్వేయరు చేత్తో గీసింది. కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు రెండూ ఒక గడిలో పడిపోయినాయి. కావాలని చేసిందని నాకు అనిపించలేదు, టైపు చేసేవాడికి రెండు గడులెందుకో ఎవరూ చెప్పుండరు.

పై సగం గోమాళ గురించి. అదే 1966 రూల్స్‌లో వంద పశువులకి ముప్పై ఎకరాలని ఉంది. కంపెనీ దాన్ని లీజుకి అడిగింది. మా సర్వే నంబరు పాత డీమ్డ్ ఫారెస్ట్ జాబితాలో, అంటే నోటిఫై కాకపోయినా అడవిగా లెక్కేసే భూముల జాబితాలో ఉంది, కొత్త దాంట్లో లేదు. కర్ణాటకలో ఆ జాబితా ముందు 9.94 లక్షల హెక్టార్లుంటే 2022లో 3.3 లక్షల హెక్టార్లకి కోసేసినారు, రైతులకి ఊరటని. రైతులకి ఊరట దొరికిన మాట నిజమే, ఎన్నో ఏళ్ళ నుంచి దున్నుకుంటున్నవాళ్ళున్నారు, అదే కత్తెరలో మా గుట్ట కూడా తెగింది. పైగా 2023 డిసెంబరు 1 నుంచి అటవీ సంరక్షణ చట్టం మారింది, నోటిఫై అయినవి, 1980 అక్టోబరు 25 తర్వాత రికార్డులో అడవి అని ఎక్కినవి మాత్రమే అడవి అని. మా లాయర్ గారు చేతులెత్తేసినట్టే మాట్లాడినారు.

2024 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు వచ్చింది, ఆ సవరణ కేసు తేలేదాకా 1996 డిసెంబరు 12 గోదావర్మన్ తీర్పులో చెప్పినట్టే, అంటే అడవి అన్న మాటకి నిఘంటువు అర్థం ప్రకారమే పొమ్మని. ఆ రాత్రి తమ్ముడికి మెసేజ్ పెడితే "అన్నా నిఘంటువులో గుట్ట అంటే ఏముంటాది" అని అడిగినాడు, ఎగతాళిగా కాదు, నిజంగానే. నాకు జవాబు రాలేదు.

లాయర్ గారికి పట్టు దొరికింది ఇంకో చోట, అది నేను కొన్ని నెలల ముందే చదివి వదిలేసిన లైను. అటవీ సంరక్షణ చట్టం సెక్షన్ 2 వివరణలో అడవేతర పని అంటే ఏంటో రాసుంది, టీ, కాఫీ, సుగంధ ద్రవ్యాలు, రబ్బరు, పామ్ జాతి, నూనె మొక్కలు, ఔషధ మొక్కలు, వాటి నడుమ ఉద్యాన పంటలు కూడా. ద్రాక్ష ఉద్యాన పంటే కదా. చెట్టు కొట్టి చెట్టు పెడుతున్నాం కదా, ఇంకా పచ్చగానే ఉంటుంది కదా అన్న కంపెనీ మాట ఆ ఒక్క పదంతో పోయింది. అడవి అయితే ద్రాక్షకి కేంద్రం అనుమతి కావాలి, అడవి కాకపోతే వద్దు, మధ్యలో ఇంకో దారి లేదు.

కొత్త అర్జీలో 'దట్టమైన అరణ్యం' తీసేసినాం. ఆ మాట తీయడానికి ఊళ్ళో గంటన్నర గొడవ పడ్డాం, మనమే తగ్గించుకుంటే ఎట్లా అని కుర్రాళ్ళు. దాని బదులు మూడే ముక్కలు రాసినాం, ఈ నంబర్లో బ ఖరాబ్ వంక ఇది, దీని టిప్పణి ఇది, పైన గోమాళ నంబరు పాత డీమ్డ్ జాబితాలో ఇక్కడుంది కాబట్టి రెవెన్యూ, అటవీ శాఖలు కలిసి జాయింట్ సర్వే చేయాలి. కింద నా పన్నెండు నెలల గ్రాఫ్. ఒకటిన్నర పేజీ.

జాయింట్ సర్వే 2024 ఆగస్టులో అయింది. రేంజ్ ఆఫీసరు, సర్వేయరు, గ్రామ లెక్కిగ (ఊరి రెవెన్యూ లెక్కలు చూసేవాడు), కంపెనీ తరఫు ఇద్దరు, ఊరోళ్ళు ముప్పై మంది. అదృష్టమో ఏమో రెండు రోజుల ముందు వాన పడింది, వంకలో మోకాలి లోతు నీళ్ళు. కంపెనీ సర్వేయరు గొలుసు పట్టుకోని వంక దాటలేక అటుపక్క నిలబడిపోయినాడు, మహజరులో, అంటే అక్కడికక్కడ చూసింది రాసుకునే కాగితంలో, 'వంక ఉన్నది, నీరు పారుచున్నది' అని రాయించుకోడానికి ఇంతకంటే మంచి రోజు దొరకదు. జేసీబీ అప్పటికే చెక్కిన నాలుగు మెట్ల దగ్గర ఎర్ర మట్టి కారి చెరువు మూల దాకా పోయుంది, అది కూడా మహజరులోకి ఎక్కింది.

ఏం దక్కింది, ఏం పోయింది

వంక భూమి బ ఖరాబ్ అని తిరిగి పహణిలోకి వచ్చింది. వంక మీద పనులన్నీ ఆగినాయి, కంపెనీ మెట్లు చెక్కడం మానేసింది. గోమాళ లీజు అర్జీ పక్కన పడింది, అడవా కాదా అన్నది ఇంకా తేలలేదు, తేలేదాకా ముట్టుకోకూడదని రాతపూర్వకంగా ఉంది. కింద చదునులో వాళ్ళ పట్టాలో వాళ్ళు ద్రాక్ష పెట్టుకున్నారు, డ్రిప్ వేసి, ఊళ్ళో వాళ్ళకే పనిచ్చి, నలభై మందికి కాదు, పన్నెండు మందికి. మా తమ్ముడి పొలం పక్కనే, కాయ బాగానే పట్టిందంట.

ఊరు ఒక్క మాట మీద ఉందని అనుకోవద్దు. భూమి అమ్మినోళ్ళ ఇళ్ళ నుంచి ఇద్దరు పిల్లలు కంపెనీలో సూపర్‌వైజర్లు, జాయింట్ సర్వే రోజు వాళ్ళు కంపెనీ గొడుగు కింద నిలబడినారు, వాళ్ళ చిన్నాన్నలు వంక ఇటుపక్క. కాటేజీలు వచ్చుంటే నా కొడుక్కి బెంగళూరు పోయే పని తప్పేది అని ఒకాయన నా మొహం మీదే అన్నాడు, నేను ఏం చెప్పలేదు, నేనే హిందూపురం వదిలి బెంగళూరు వచ్చినోణ్ణి.

నేను చూసుకోలేక పోయింది ఒకటుంది. కంపెనీ తన పట్టా చుట్టూ కంచె వేసింది, వేసుకునే హక్కు వాళ్ళకుంది. గొర్లు ఊళ్ళోంచి గుట్టకి పోయే దోవ ఆ పట్టా మూల మీదుగానే పోతుంది, తాతల కాలం నుంచి. ఆ దోవ టిప్పణిలో లేదు, గ్రామ మ్యాప్‌లో లేదు, పహణిలో లేదు. వంక కోసం కాగితాలన్నీ తిరగేసినోణ్ణి దోవ గురించి ఒక్కసారి కూడా ఎవర్నీ అడగలేదు. గుట్ట మిగిలింది, గొర్లు పోడానికి దారి లేదు, ఇప్పుడు చెరువు కట్ట చుట్టూ తిరిగి పోవాల, మూడు కిలోమీటర్లు ఎక్కువ.

పోయిన దసరాకి ఊరికి పోతే అవ్వ పిలిచి, నేనిచ్చిన పెద్ద మ్యాప్ ఇంట్లో గోడకి అంటించింది, దాని ముందు నిలబెట్టి "దీంట్లో మా గొర్లదోవ ఏదిరా నాయనా" అని అడిగింది. లేదవ్వా అన్నా. మరుసటిరోజు పొద్దున ఐదున్నరకి ఆమెతో, నలభై ఆరు గొర్లతో, ఫోన్లో జీపీఎస్ ట్రాక్ ఆన్ చేసుకోని కంచె దాకా నడిచినా, అక్కడ నుంచి కట్ట చుట్టూ తిరిగి గుట్ట ఎక్కినాం. పాత దోవ కంచె లోపల ఇంకా తెల్లగా కనపడతా ఉంది, గొర్రె గిట్టలు తొక్కి తొక్కి గట్టిపడిన నేల, ద్రాక్ష సాళ్ళ మధ్యలో కూడా అక్కడ గడ్డి మొలవలేదు. దాన్ని ఫోటో తీసి, ట్రాక్‌తో కలిపి, ఊళ్ళో పెద్దోళ్ళు ఆరుగురి చేత సంతకాలు వేలిముద్రలు పెట్టించి ఇంకో అర్జీ ఇచ్చినాం, దోవని కూడా బ ఖరాబ్ కింద ఎక్కించమని. పోయిన వారం తమ్ముడు అడిగితే ఫైలు ఇంకా టేబుల్ మీదే ఉందన్నారంట.